ఫ్యాక్టరీ మురుగు, మన కాలువ, మన పాలు

(సంఘ సభ్యుల అధ్యయన పాఠం)

రావులపాలెం ప్రాంతపు సభ్యులకు నీటి విలువ గురించి వేరే చెప్పనక్కరలేదు. ఒక ప్రక్క గౌతమి, మరొక ప్రక్క వశిష్ఠ. నడుమ బొబ్బర్లంక వద్ద బయలుదేరి, లొల్ల లాకుల దగ్గర చీలి, కోనసీమ పొలాలకు పారే కాలువలు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుండి ఇక్కడి వరి, కొబ్బరి, అరటి, పాడి అన్నీ ఈ నీటినే నమ్ముకుని ఉన్నవి. పాలిచ్చే గేదె రోజుకు ఏభై లీటర్లకు అటూ ఇటూగా నీరు త్రాగుతుంది. గేదె పాలలో నూటికి 82, 83 పాళ్ళు నీరే. కనుక కాలువ నీరు ఎలా ఉన్నదో తెలుసుకోవడం పాడి రైతుకు తన వ్యాపారపు పెట్టుబడి ఎలా ఉన్నదో తెలుసుకోవడమే.

శివారు ఆయకట్టు రైతుకు ఒక అనుభవం ఉన్నది. నీరు అతనికి అందరికంటే ఆలస్యంగా వస్తుంది. పైవారు వదిలిన చెత్త మాత్రం తప్పకుండా వస్తుంది. గోదావరి మొత్తాన్ని ఒక కాలువగా భావిస్తే మన డెల్టా దాని శివారు. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టిన నది సుమారు 1,465 కిలోమీటర్లు ప్రయాణించి మన వద్ద సముద్రంలో కలుస్తుంది. దారిలో ఎన్నో పట్టణాలు, ఎన్నో పరిశ్రమలు ఉన్నవి. అందుచేత పరిశ్రమల కాలుష్యం తగ్గించడమనేది ఢిల్లీలోనో, విదేశీ సభల్లోనో మాట్లాడుకునే విషయమని మనం ఊరుకోరాదు. ఈ పాఠంలో ఆ విషయాన్ని పాడి రైతు కోణం నుండి పరిశీలిద్దాము.

మురుగు రెండు రకాలు

పరిశ్రమల నుండి వచ్చే మురుగు నీటిని మనం ముందుగా రెండు రకాలుగా గుర్తించాలి. మొదటిది కుళ్ళే మురుగు. పాలు, చక్కెర, పిండి, చేపల కడుగు, కాగితపు గుజ్జు వంటి వాటి నుండి వచ్చేది ఈ రకం. ఇది స్వతహాగా విషం కాదు. కాని నీటిలో చేరగానే సూక్ష్మజీవులు దానిని తినడం మొదలుపెట్టి, ఆ పనికి నీటిలో కరిగి ఉన్న ప్రాణవాయువును వాడుకుంటాయి. ప్రాణవాయువు తగ్గితే చేపలు తేలుతాయి, నీరు నల్లబడుతుంది, కుళ్ళిన గ్రుడ్ల వాసన వస్తుంది. ఒక లీటరు మురుగు ఎంత ప్రాణవాయువును మింగగలదో చెప్పే కొలతనే బి.ఓ.డి. అంటారు. పాలకు వెన్న శాతం ఎలాగో మురుగుకు బి.ఓ.డి. అలాగ.

రెండవది కుళ్ళని మురుగు. మందుల పరిశ్రమలు, రసాయన కర్మాగారాలు, తోళ్ళ శుద్ధి, లోహపు పూత పనుల నుండి వచ్చే ఆర్సెనిక్, క్రోమియం, సీసం, పాదరసం, ద్రావకాలు, లవణాలు ఈ కోవకు చెందుతాయి. వీటిలో ఎక్కువ వాటిని సూక్ష్మజీవులు తినలేవు. ఎండకు ఎండవు, వానకు మాయమవవు. నీటిలో నుండి మట్టిలోకి, మట్టి నుండి గడ్డిలోకి, గడ్డి నుండి పశువులోకి చేరుతాయి.

ఇక్కడ సభ్యులు ప్రత్యేకంగా గమనించవలసిన అంశం ఒకటి ఉన్నది. డి.డి.టి., బి.హెచ్.సి., డయాక్సిన్ వంటి క్లోరిన్ కలిసిన పదార్థాలు నీటిలో కరగవు గాని కొవ్వులో కరుగుతాయి. పశువు శరీరంలో చేరిన ఇటువంటి పదార్థం పాలలోని వెన్నతో కలిసి బయటికి వస్తుంది. మనకు ధర వచ్చేది వెన్నను బట్టి. విషం దాగేది కూడా ఆ వెన్నలోనే. మన దేశంలో వ్యవసాయానికి డి.డి.టి. వాడకాన్ని 1989లోను, బి.హెచ్.సి.ని 1997లోను నిషేధించడానికి ఇదొక కారణం. నెదర్లాండ్స్ పాడికి పేరుపొందిన దేశం. అక్కడ 1989లో రాటర్‌డామ్ సమీపాన చెత్తను కాల్చే కర్మాగారం పొగ పడిన పచ్చిక మేసిన ఆవుల పాలలో డయాక్సిన్ హెచ్చుగా కనపడగా ఆ పాల అమ్మకాన్ని ఆపివేశారు. తప్పు రైతుది కాదు, ఆవుది అంతకన్నా కాదు. అయినా అమ్మకం ఆగినది మాత్రం రైతు పాలకే.

లీటరు పాలతో ఒక లెక్క

కుళ్ళే మురుగు బలం తెలియడానికి దూరం పోనక్కరలేదు, మన పాలనే తీసుకుందాము. పాల బి.ఓ.డి. లీటరుకు సుమారు 1,00,000 మిల్లీగ్రాములు, అంటే 100 గ్రాములు. మన వాతావరణంలో శుభ్రమైన నీటిలో లీటరుకు ఏడు, ఎనిమిది మిల్లీగ్రాముల ప్రాణవాయువు మాత్రమే కరిగి ఉంటుంది. భాగించి చూస్తే ఒక్క లీటరు పాలు సుమారు 13,000 లీటర్ల నీటిలోని ప్రాణవాయువునంతా మింగగలవు. ఒక మనిషి నుండి రోజుకు వెలువడే మురుగు బి.ఓ.డి. 50 గ్రాములని ఇంజనీర్లు లెక్క కడతారు. ఆ లెక్కన లీటరు పాలు మురుగులో పోయడం ఇద్దరు మనుషుల ఒక రోజు మురుగును కాలువలో కలపడంతో సమానం.

ఒక పాల శీతల కేంద్రానికి రోజుకు 200 క్యాన్లు వస్తాయనుకుందాము. తొందరపడి క్యాను వంచి వెంటనే తిప్పేస్తే ఒక్కొక్క దానిలో 50 మిల్లీలీటర్ల పాలు అంటుకుని ఉండిపోయాయనుకుందాము. రోజుకు 10 లీటర్లు, ఏడాదికి 3,650 లీటర్లు. ఇది సభ్యుల పాలు. కడుగు నీటితో కలిసి కాలువకు పోయి అక్కడి చేపను చంపినదీ ఈ పాలే. క్యానును మరికొన్ని సెకన్లు బోర్లించి కారనిస్తే ఇందులో చాలా భాగం తొట్టిలోనే పడుతుంది. దీనికి యంత్రం అక్కరలేదు, విదేశీ సహాయం అక్కరలేదు.

కాలుష్యం తగ్గించే విద్యలో మొదటి సూత్రం ఈ ఉదాహరణలోనే ఉన్నది. గొట్టం చివర శుభ్రం చేయడం కంటే గొట్టం మొదట్లోనే మురుగు పుట్టకుండా చూడడం చవక.

పటాన్‌చెరు నేర్పిన పాఠం

రెండవ రకం మురుగు ఏమి చేస్తుందో తెలుసుకోవాలంటే పటాన్‌చెరు చరిత్ర చదవాలి. నాటి మెదక్ జిల్లా, నేటి సంగారెడ్డి జిల్లాలోని పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతాలలో 1970ల నుండి పారిశ్రామికవాడలు పెరిగాయి. మందులు, రసాయనాల కర్మాగారాలు హెచ్చుగా వచ్చాయి. మురుగు నక్కవాగులో పడింది. నక్కవాగు మంజీరలోకి, మంజీర గోదావరిలోకి పోతాయి. అక్కడి విషం ఇక్కడికి చేరిందని చెప్పడం మా ఉద్దేశం కాదు. ఆ రైతులూ మనమూ ఒకే నది బిడ్డలమని మాత్రం గుర్తు చేస్తున్నాము.

వాగు ప్రక్క బావుల నీరు రంగు మారింది. పొలాలు పండడం మానాయి. పశువులు జబ్బుపడ్డాయని, చనిపోయాయని రైతులు మొరపెట్టుకున్నారు. వైద్యుడైన అల్లాని కిషన్ రావు గారు గ్రామస్థులతో కలిసి ఈ విషయాన్ని ఏళ్ళ తరబడి ప్రజల ముందు, న్యాయస్థానాల ముందు ఉంచారు. 1990లో వ్యాజ్యం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. నష్టపోయిన రైతులకు పరిహారం చెల్లించవలసిందిగా కోర్టు ఆదేశించింది. 2001లో కేసు హైకోర్టుకు, అటుపిమ్మట జాతీయ హరిత న్యాయస్థానానికి చేరి 2017లో తీర్పు వచ్చింది. వ్యాజ్యం వేసిన ఏడు పుట్టిన పిల్లవాడు తీర్పు నాటికి 27 ఏళ్ళవాడయ్యాడు.

ఇందులో సాంకేతికమైన పాఠం కూడా ఉన్నది. చిన్న కర్మాగారాలు ఎవరికి వారు శుద్ధి ప్లాంటు కట్టుకోలేవు గనుక అందరికీ కలిపి ఒక ఉమ్మడి ప్లాంటు 1994లో పటాన్‌చెరులో నడకకు వచ్చింది. ఆలోచన మంచిదే. మన సహకార సూత్రం వంటిదే. కాని ఉమ్మడి ప్లాంటు సూక్ష్మజీవులతో పని చేస్తుంది. దానిలోకి ఉప్పులు, ద్రావకాలు దట్టంగా ఉన్న మురుగును తెచ్చి పోస్తే సూక్ష్మజీవులే చస్తాయి. సంఘంలో అందరూ మంచి పాలు పోస్తూ ఒకరు పులిసిన పాలు పోస్తే తొట్టి మొత్తం విరిగినట్లే. పాలు పోసే చోట ఒక్కొక్కరివి పరీక్షించి తీసుకున్నట్లు ఉమ్మడి ప్లాంటు గేటు వద్ద కూడా ఒక్కొక్క ట్యాంకరును పరీక్షించి, పనికిరాని దానిని త్రిప్పి పంపినప్పుడే ప్లాంటు పని చేస్తుంది.

తరువాత పటాన్‌చెరు ప్లాంటులో శుద్ధి చేసిన నీటిని సుమారు 18 కిలోమీటర్ల పైపులైను ద్వారా హైదరాబాదు మురుగు వ్యవస్థలోకి, అక్కడి నుండి అంబర్‌పేట ప్లాంటుకు మళ్ళించే ఏర్పాటు చేశారు. అంబర్‌పేట నీరు పోయేది మూసీలోకి. నక్కవాగు రైతు ఊపిరి పీల్చుకుంటే మూసీ రైతు ముక్కు మూసుకోవలసి వస్తుందా అన్న ప్రశ్న అప్పుడే తలెత్తింది. మురుగును ఊరు మార్చడం, మురుగును తగ్గించడం రెండూ ఒకటి కావు.

డెల్టాలో అదే ప్రశ్న

ఇదే ప్రశ్న మన ఇరుగుపొరుగున కూడా వచ్చింది. పశ్చిమ గోదావరి జిల్లా భీమవరం మండలం తుందుర్రు వద్ద ఆక్వా ఫుడ్ పార్కు నిర్మాణం మొదలైనప్పుడు చుట్టుపట్ల గ్రామాలవారు ఆందోళనకు దిగారు. 2016 నాటికి ఆ పేరు రాష్ట్రమంతటా వినపడింది. రొయ్యలు, చేపలు శుభ్రం చేసిన నీరు గొంతేరు డ్రైనులో పడితే త్రాగునీరు, పంటలు, డ్రైనులో వేట మీద బ్రతికేవారు ఏమవుతారని వారి భయం. కాలుష్యం కలుగనివ్వమని యాజమాన్యం అన్నది. చివరకు వ్యర్థ జలాన్ని పైపులైను ద్వారా సముద్రానికి చేరుస్తామని ప్రభుత్వం ప్రకటించింది.

పైపు సముద్రం వరకు వేసినా అక్కడ కూడా వేటగాళ్ళు ఉన్నారు. శుద్ధి చేసిన నీరే పైపులో పోతే ఎవరికీ బాధ లేదు. శుద్ధి కానిది పోతే పైపు పొడవు పెరిగినందువల్ల ప్రయోజనం లేదు. అందుచేత ఏ పరిశ్రమ విషయంలోనైనా సభ్యులు మొదట అడగవలసినది "నీరు ఎక్కడికి పోతుంది?" అని మాత్రమే కాదు. "పోయే నీటిలో ఏమి ఉంటుంది? దానిని ఎవరు, ఎన్నాళ్ళకొకసారి కొలుస్తారు?" అని కూడా అడగాలి.

బీద దేశానికి ఇది తాహతుకు మించినదా?

కొందరు పెద్దమనుషులు ఒక మాట అంటూ ఉంటారు. "ముందు ఫ్యాక్టరీలు రానివ్వండి, మన పిల్లలకు పనులు దొరకనివ్వండి. శుభ్రం సంగతి ధనవంతులమయ్యాక చూద్దాము." ఈ మాటను తేలికగా కొట్టివేయరాదు. మన ఇళ్ళలో చదువుకున్న పిల్లలు ఉద్యోగాల కోసం ఎదురుచూస్తున్నారు. 1972లో స్టాక్‌హోంలో జరిగిన ఐక్యరాజ్యసమితి పర్యావరణ మహాసభలో నాటి ప్రధాని ఇందిరాగాంధీ కూడా పేదరికం, అవసరం అన్నవి కాలుష్య కారకాలు కావా అని ప్రశ్నించారు. పేద దేశాల అభివృద్ధిని ఆపి వాతావరణాన్ని కాపాడడం కుదరదని ఆమె భావం. అయితే అదే దేశం రెండేళ్ళు తిరగకుండానే 1974లో జల కాలుష్య నివారణ చట్టం చేసింది. 1984 డిసెంబరులో భోపాల్ విషవాయువు వేలమందిని బలిగొన్న తరువాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది.

"తరువాత చూద్దాము" అన్న వాదంలో లోపమేమిటంటే ఖర్చు ఎక్కడికీ పోదు. అది ఫ్యాక్టరీ లెక్కల పుస్తకంలో నుండి రైతు లెక్కలోకి మారుతుంది. వట్టిపోయిన గేదె, చవుడెక్కిన చేను, కొని త్రాగే నీళ్ళ డబ్బా, ఆసుపత్రి ఖర్చు, ఇవన్నీ ఫ్యాక్టరీ కట్టని బాకీకి మనం కట్టే వడ్డీ. కాలుష్యం చేసినవారే ఖర్చు భరించాలన్న సూత్రం మన దేశపు చట్టంలో భాగమని సుప్రీంకోర్టు 1996లో స్పష్టం చేసింది.

పైగా కాలుష్యం తగ్గించడం ప్రతిచోటా నష్టం కాదు. కలప, వెదురు ఉడికించగా వచ్చే నల్లని ద్రవాన్ని పెద్ద కాగితపు మిల్లులు ఆరబెట్టి బాయిలరులో మండిస్తాయి. ఆవిరి వస్తుంది, ఖరీదైన సోడా తిరిగి చేతికి వస్తుంది. ఆ బాయిలరు పెట్టే స్తోమత లేని చిన్న మిల్లులే దానిని వాగులో వదిలేవి. చక్కెర మిల్లు మొలాసిస్ నుండి సారాయి తీసే డిస్టిలరీలో లీటరు సారాయికి 8 నుండి 15 లీటర్ల చిక్కని మురుగు వస్తుంది. దాని బి.ఓ.డి. లీటరుకు 40,000 మిల్లీగ్రాములకు పైమాటే. దానిని మూసిన తొట్టెలలో మురగబెడితే మన గోబర్ గ్యాస్ వంటి వాయువు వచ్చి బాయిలరుకు ఇంధనమవుతుంది. కాగితం, చక్కెర, డిస్టిలరీ మూడూ కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి గుర్తించిన 17 అధిక కాలుష్య పరిశ్రమల జాబితాలోనివే. ఈ జాబితాలోనివారు మురుగును ఎడతెగక కొలిచే యంత్రాలు అమర్చుకోవాలని మండలి 2014లో ఆదేశించింది.

1990లలో జాతీయ ఉత్పాదకతా మండలి ఐక్యరాజ్యసమితి పారిశ్రామికాభివృద్ధి సంస్థతో కలిసి చిన్న కాగితపు మిల్లులు, అద్దకం పనులు, పురుగుమందుల యూనిట్లలో వ్యర్థాలు తగ్గించే ప్రయోగం చేసింది. కారే కుళాయి మూయడం, కడిగిన నీటిని మరోసారి వాడడం, రంగు కొలిచి వేయడం వంటి సామాన్య పనుల వల్లనే మురుగు తగ్గింది. వాటిలో చాలా వాటి ఖర్చు ఏడాదిలోపే తిరిగి వచ్చింది.

ఇండొనేషియా దేశం మరొక దారి త్రొక్కింది. అక్కడ తనిఖీ అధికారులు తక్కువ, కోర్టులు నిదానం. 1995లో ప్రభుత్వం 187 కర్మాగారాలకు బంగారు, ఆకుపచ్చ, నీలం, ఎరుపు, నలుపు అని అయిదు రంగుల గ్రేడులు ఇచ్చింది. సుమారు మూడింట రెండు వంతుల కర్మాగారాలు నిబంధనలకు దిగువనే ఉన్నాయని తేలింది. ముందు మంచివారి పేర్లు ప్రకటించి, మిగిలినవారికి సరిదిద్దుకోవడానికి కొన్ని నెలల గడువిచ్చి, ఆ తరువాత అందరి రంగులూ పత్రికలకు ఇచ్చింది. నలుపు రంగు పడిన యజమాని ఊరిలో తలెత్తుకోలేడు, బ్యాంకు కూడా అనుమానంగా చూస్తుంది. ఏడాదిన్నర తిరిగేసరికి నిబంధనలు పాటించేవారి సంఖ్య సగం దాటింది. పాల సంఘంలో ఎవరి పాలలో ఎంత వెన్న వచ్చిందో బోర్డు మీద వ్రాసిన నాడు నీళ్ళు కలపడం తగ్గడం మనకు తెలిసిన సంగతే.

మన డెయిరీ మాటేమిటి?

ఇతరులను అడిగే ముందు మనల్ని మనం అడుగుకోవాలి. సహకార డెయిరీ కూడా ఒక పరిశ్రమే, దానికి యజమానులు సభ్యులే. 1986 చట్టం క్రింది నిబంధనలు డెయిరీలకు హద్దులు పెట్టాయి. వెయ్యి లీటర్ల పాలకు మూడు వేల లీటర్లకు మించి మురుగు నీరు రారాదు. వదిలే నీటిలో బి.ఓ.డి. లీటరుకు 100 మిల్లీగ్రాములు, నూనె, జిడ్డు 10 మిల్లీగ్రాములు మించరాదు. చిక్కని కడుగు నీరు ఆ స్థాయికి రావాలంటే జిడ్డు తీసే తొట్టి, నిలువ తొట్టి, గాలి కొట్టే మోటార్లు, మడ్డి ఆరబెట్టే మళ్ళు అన్నీ రోజూ పని చేయాలి. మోటారు నడిస్తే కరెంటు బిల్లు వస్తుంది. ఆ బిల్లు చివరకు మన లీటరు ధరలో నుండే పోతుంది.

మహాజన సభలో ఆ పద్దు చదివినప్పుడు ఎవరో ఒకరు లేచి "ఈ ఖర్చు తగ్గించి మాకు బోనసు పెంచరాదా?" అని అడగడం సహజం. జవాబు మనమే చెప్పుకోవాలి. మోటారు ఆపితే మిగిలే పైసలు డెయిరీకి దిగువన ఉన్న గ్రామపు రైతుల జేబులోనివి. ఆ గ్రామంలో కూడా ఒక పాల సంఘం ఉన్నది, ఆ గేదెలు కూడా మన తొట్టికే పాలిస్తున్నవి. కాగితపు మిల్లును అడిగే నోరు మనకు ఉండాలంటే మన డ్రైను ముందు శుభ్రంగా ఉండాలి.

సంఘాలు చేయదగిన పనులు

క్యాన్లను బాగా కారనిచ్చి, మొదటి కడుగు కొద్దిపాటి మంచినీటితో చేసి ఆ నీటిని పశువుల కుడితిలో కలపాలి. సోడా, ఆసిడ్ కలిసిన కడుగు నీటిని మాత్రం ఎన్నడూ పశువుకు పెట్టరాదు. పన్నీరు విరచగా మిగిలిన తేటను పారబోయరాదు. అది కూడా దాణాయే.

కాలువ నీటి మీద కన్ను వేసి ఉంచాలి. వేసవిలో కాలువలు కట్టివేసిన రోజులలో నిలిచిన నీటిలో మురుగు దట్టమవుతుంది. నీరు రంగు మారినా, చేపలు తేలినా గేదెలను దించకుండా, బోరు నీరు పెట్టాలి. తేదీ, వేళ, స్థలం, వాసన, రంగు సంఘం పుస్తకంలో వ్రాసి, పశువైద్యునికి, తహసీల్దారుకు, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి అదేరోజు కబురు చేయాలి. మనం పట్టిన సీసా మనకు తెలుసుకోవడానికి పనికివస్తుంది. కోర్టులో నిలిచేది మండలి అధికారులు విధి ప్రకారం తీసిన నమూనా. కనుక వారిని రప్పించడమే ముఖ్యం.

పెద్ద పరిశ్రమలు చాలా వాటికి ప్రజాభిప్రాయ సేకరణ తప్పనిసరి. కనీసం 30 రోజుల ముందు పత్రికలలో ప్రకటించాలి. ఆ సభకు సంఘం తీర్మానంతో, వ్రాసుకున్న ప్రశ్నలతో వెళ్ళాలి. కాలువ కట్టిన నెలలలో మీ నీరు ఎక్కడ నిలువ చేస్తారు? 1986 ఆగస్టు నాటి వంటి వరద వస్తే మీ మురుగు చెరువు గట్టు నిలుస్తుందా? ఇటువంటి ప్రశ్నలు డెల్టా రైతు తప్ప ఎవరూ అడగలేరు. పరిశ్రమకు ఇచ్చిన అనుమతి షరతులను 2005 నాటి సమాచార హక్కు చట్టం క్రింద తెప్పించుకోవచ్చును. అప్పటికీ పని కాకపోతే 2010లో ఏర్పడిన జాతీయ హరిత న్యాయస్థానపు దక్షిణాది విభాగం చెన్నైలో ఉన్నది.

ఫ్యాక్టరీలు వద్దని మేము చెప్పడం లేదు. మన అరటి, కొబ్బరి, పాలు నాలుగు చోట్లకు పోవాలంటే పరిశ్రమలు కావలసిందే. అవి తమ ఖర్చును తామే భరించాలని, లెక్క బహిరంగంగా చూపాలని మాత్రమే కోరుతున్నాము. పాలు పోసేటప్పుడు మన పాలను పరీక్షించనిస్తున్నాము. వారి నీటిని పరీక్షించనివ్వమని అడగడం న్యాయమే గదా!

సంఘ సమావేశంలో చర్చకు ప్రశ్నలు

1. మన గ్రామంలో పశువులు ఎక్కడెక్కడ నీరు త్రాగుతున్నవి? ఆ నీటిలో ఎగువ నుండి ఏమేమి కలుస్తున్నవి?

2. మన పాల కేంద్రంలో రోజుకు ఎన్ని క్యాన్లు కడుగుతున్నాము? వారం రోజులు కారిన పాలను కొలిచి చూస్తే ఎంత తేలింది?

3. మన డెయిరీ శుద్ధి ప్లాంటును సభ్యులు ఎన్నడైనా చూచినారా? చూడడానికి ఏ తేదీన పోదాము?